ఎక్స్‌రే చదవడం వింటే రాదు

వ్యూబాక్స్ మీద ఛాతీ ఎక్స్‌రే పెట్టి వెలుగు వేస్తారు. చుట్టూ పాతికమంది విద్యార్థులు. ముందు నిలబడ్డ నలుగురికి ఊపిరితిత్తులు కనిపిస్తాయి, వెనకవాళ్లకు ముందువాళ్ల భుజాలు కనిపిస్తాయి. అధ్యాపకుడు వేలు పెట్టి ‘ఇదిగో న్యుమోనియా’ అంటారు. అందరూ తలలూపుతారు. వేలు పెట్టి చూపించాక ఎవరికైనా కనిపిస్తుంది. ఆ వేలు పక్కన లేని రోజు సంగతి ఏమిటి?

ఎంబీబీఎస్‌లో ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివే విద్య అయిన రేడియాలజీకి విడిగా దక్కే పోస్టింగ్, అంటే ఆ విభాగంలో శిక్షణ, రెండు వారాలు. ఆ తర్వాత ఆ డాక్టరు శ్రీకాకుళం జిల్లా మందసలోనో, మెళియాపుట్టిలోనో రాత్రి డ్యూటీలో ఉంటారు. అలాంటి చాలాచోట్ల ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ దొరుకుతారు గాని, చదివే రేడియాలజిస్టు దొరకరు. జాతీయ రహదారి మీద బండి మీంచి పడ్డ కుర్రవాడిని తెస్తారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని చెప్పే ఆనవాలు ఒక్కోసారి వెంట్రుకంత సన్నని తెల్లగీత. ఆ గీతకు అవతల రక్తనాళాల నీడలు ఉండవు. దాన్ని పట్టుకున్న డాక్టరు ఛాతీలో గొట్టం వేస్తారు, లేదా జాగ్రత్తలు తీసుకుని పెద్దాసుపత్రికి పంపుతారు. పట్టుకోలేని డాక్టరు నొప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపుతారు.

శ్రీకాకుళంలో 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో 150 సీట్లతో మరొకటి మొదలైంది. నెల్లిమర్ల, రాగోలుల్లో ప్రైవేటు కళాశాలలున్నాయి. సీట్లు పెరిగాయి, పోస్టింగ్ రోజులు పెరగలేదు. ఈ లోటును ఆన్‌లైన్ బోధనతో పూడ్చవచ్చని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాని రికార్డు చేసిన ఉపన్యాసాన్ని ఫోనులో పంపడం ఆన్‌లైన్ బోధన అనిపించుకోదు. అందులోనూ వేలు పెట్టి చూపించేది అధ్యాపకుడే.

విద్యార్థి ముందుగా తన జవాబు రాయాలి. రాసేవరకు ఏమీ తెరుచుకోకూడదు. ఒక కేసు అనుకుందాం. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. ఛాతీ ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లమచ్చ. అది ఊపిరితిత్తిలో ఏ భాగంలో ఉంది? గుండె కుడి అంచు చెరిగిపోతే మచ్చ ఊపిరితిత్తి మధ్య భాగంలో, అంటే మధ్య లోబ్‌లో ఉన్నట్టు. గుండె అంచు స్పష్టంగా ఉండి, ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర డయాఫ్రమ్ అంచు చెరిగితే కింది లోబ్‌లో ఉన్నట్టు. ఈ సూత్రాన్ని పుస్తకంలో పదిసార్లు చదివినవాళ్లు కూడా తెరమీద అంచు వెంట వేలు నడిపి, తప్పుచోట ఆగి, ‘ఇక్కడ కాదు’ అనిపించుకున్నాకే మరచిపోరు. తప్పు చేసే అవకాశం రోగి దగ్గర రాకూడదు, ఇక్కడ రావాలి.

శరీరాన్ని పొరలు పొరలుగా చూపే సీటీ స్కాన్ విషయంలో వినడానికీ, స్వయంగా చూడడానికీ తేడా ఇంకా ఎక్కువ. సీటీలో సాధారణంగా 4,096 బూడిదరంగు ఛాయలు ఉంటాయి. మామూలు ఫోటోలో 256. వాటిలో తెరమీద చూపే పరిధిని విండో అంటారు. ఊపిరితిత్తులకు ఒక విండో, ఎముకకు ఒకటి, మెదడుకు మరొకటి. ఛాయల పరిధిని విద్యార్థి తన చేత్తో మార్చుకుంటూ, ఒక్కో పొర దాటుతూ చూడాలి. వాట్సాప్‌లో తిరిగే ఫోటోలో ఆ వీలు లేదు. సన్నని గీతలు అందులో మాసిపోతాయి కూడా. పైగా చాలాసార్లు ఆ ఫోటో మూలన రోగి పేరు కనిపిస్తూ ఉంటుంది. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

అమెరికాలో జరిగిన ఒక ప్రయోగాన్ని 2013లో ప్రచురించారు. ఊపిరితిత్తుల సీటీలో గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చి, చివరి కేసులో గొరిల్లా బొమ్మ కలిపారు. 20 మంది దాన్ని చూడలేదు. వాళ్లలో చాలామంది చూపు సరిగ్గా ఆ బొమ్మ మీదే పడిందని కళ్ల కదలికలు నమోదు చేసిన యంత్రం చెప్పింది. ఆరితేరినవారికే ఇలా అయితే, రెండు వారాల పోస్టింగ్ చేసినవారి మాట చెప్పనక్కరలేదు. అందుకే గుండె వెనక, ఊపిరితిత్తి కొసల్లో, పక్కటెముకల వెంట, ఒకే వరసలో ప్రతిసారీ వెతికే అలవాటు చేయించాలి. నార్మల్ ఫిల్ములు కూడా ధారాళంగా కలపాలి. ప్రతి కేసులోనూ జబ్బు ఉంటే విద్యార్థి లేని జబ్బును కూడా చూడడం నేర్చుకుంటాడు.

2005లో ఆస్ట్రేలియా రేడియాలజిస్టు ఫ్రాంక్ గెయిలార్డ్ మొదలుపెట్టిన రేడియోపీడియా వెబ్‌సైటులో వేలాది కేసులు ఉచితంగా దొరుకుతాయి. వాడుకోవాలి. అయినా మన విద్యార్థి రేపు చూడబోయేది మన రోగులను. స్కాన్ బొమ్మలను భద్రపరిచే ఆర్థాంక్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడి కేసులను అందులో దాచుకోవచ్చు. బొమ్మ మీది పేరు చెరిపితే చాలదు, స్కాన్ బొమ్మలు ఉండే డైకామ్ అనే రకం ఫైలు లోపల కూడా పేరు ఉంటుంది. నాకు కనిపించే అసలు కష్టం యంత్రాలది కాదు, అధ్యాపకుల సమయానిది. ఒక మంచి కేసు తయారుచేయడానికి పట్టే పూటను బోధన గంటల్లో లెక్కించాలి. ఇక అల్ట్రాసౌండ్‌లో ఒంటికి ఆనించే ప్రోబ్‌ను పట్టే చేతివాటం తెరమీద రాదు. దానికి రోగి పక్కన నిలబడాల్సిందే.

కేసుల సేకరణ శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంతో మొదలుపెట్టాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల కిడ్నీ జబ్బు ముదిరాక అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ కుంచించుకుపోయి, దాని వెలుపలి పొర కార్టెక్స్ తెల్లబారి కనిపిస్తుంది. అది గుర్తించడం తేలిక. తొలిదశలో స్కాన్ మామూలుగానే ఉండవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకపోవచ్చు. మొదటి కేసుగా అలాంటి కిడ్నీనే పెట్టాలి. విద్యార్థి ‘నార్మల్’ అని రాసి పంపిన తర్వాతే ఆ రోగి రక్తంలో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎంతో తెరమీద కనిపించాలి.