వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చి కొత్త ఐడియాలు అడిగితే ఎలా?

ప్రతి అప్రైజల్ సీజన్‌లోనూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో వినపడే మాట ఇదే: "ఇంత ఫ్లెక్సిబిలిటీ ఇస్తున్నాం, అయినా టీమ్ నుంచి ఒక్క కొత్త ఐడియా రావట్లేదు." రాదండీ. ఇచ్చింది ఒకటి, ఆశిస్తున్నది ఇంకొకటి.

ఉద్యోగి తన అవసరాన్ని బట్టి విడిగా మాట్లాడుకుని తెచ్చుకునే ఏర్పాట్లకి అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డెనీస్ రూసో 'ఐ-డీల్స్' అని పేరు పెట్టారు. పనివేళలు, పనిచేసే చోటు ఒక రకం. చేసే పనినే మార్చుకోవడం ఇంకో రకం. శిక్షణ, ఎదుగుదల, జీతం గురించి కుదుర్చుకునేవి మిగతావి. మన దగ్గర అడిగేదీ ఇచ్చేదీ దాదాపు మొదటి రకమే.

ఆ మొదటి రకం ఏం చేయగలదో చైనా ట్రావెల్ కంపెనీ ట్రిప్.కామ్‌లో చేసిన ప్రయోగం బాగా చూపించింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 1,612 మంది ఉద్యోగుల మీద చేసి, 2024లో ఫలితాలు ప్రచురించింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తే రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. రేటింగుల్లో, ప్రమోషన్లలో, ఇంజనీర్లు రాసిన కోడ్ లైన్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మనుషులు ఆగారు. అది చాలా విలువైన సంగతి, ఆ ఒక్క కారణానికే రెండు రోజులూ ఇవ్వాలి. దాన్నుంచి ఆవిష్కరణలు కూడా రావాలనడం అన్యాయం.

ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని తీసుకోండి. పాతవన్నీ ఇంకా సరిగ్గానే పనిచేస్తున్నాయా అని చూసే రిగ్రెషన్ పరీక్షలు రాత్రి నడిస్తే, పొద్దున్నకి 70 ఫెయిల్యూర్లు. అందులో అసలు బగ్‌లు పదో పన్నెండో. మిగతావి టైమౌట్లు, పాత టెస్ట్ డేటా, మధ్యలో రీస్టార్ట్ అయిన సర్వర్. ఒక్కో లాగ్ (ఏం జరిగిందో సిస్టమ్ రాసిపెట్టే ఫైల్) తెరిచి ఏది నిజమో తేల్చేసరికి పదకొండు దాటుతుంది. అసలు బగ్‌లని మిగతావాటి నుంచి దానంతటదే వేరుచేసే స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, ఎలా ఉండాలో ఆ అమ్మాయికి తెలిసినంతగా ఆర్కిటెక్ట్‌కి కూడా తెలీదు. ఆమెకి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చారనుకోండి. అవే 70 లాగులు ఇంట్లో కూర్చుని చూస్తుంది. మిగిలిన ప్రయాణం సమయం ఇంటికీ పిల్లలకీ పోతుంది. పోవాలి కూడా. స్క్రిప్ట్ మాత్రం ఆమె బుర్రలోనే ఉండిపోతుంది.

అదే, బుధవారం మధ్యాహ్నం నాలుగు గంటలు స్క్రిప్ట్ పనికే అని రాసిచ్చి, ఆ పూట ఆమె పని ఇంకొకరికి అప్పగిస్తే సంగతి వేరు. నాలుగు గంటలూ ఒకే పూట ఉండాలి. రోజుకి 48 నిమిషాల చొప్పున ఐదు రోజులకి పంచితే లెక్క సరిపోతుంది, పని మాత్రం కాదు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకునేలోపే స్టాండప్ (రోజువారీ చిన్న టీమ్ మీటింగ్) మొదలవుతుంది.

ఆ తర్వాత అడ్డుపడేది టైమ్‌షీట్. ఆ గంటలకి ప్రత్యేకమైన కోడ్ తీయించకపోతే నాన్-బిల్లబుల్‌లో, అంటే క్లయింట్‌కి బిల్లు వేయని గంటల్లో, పడతాయి. వారానికి 40 గంటల్లో 4 పోతే 36, అంటే యుటిలైజేషన్ (బిల్లు వేసే గంటల వాటా) 90 శాతం. ఆమెకి టార్గెట్ 95 అలాగే ఉంచేసి నాలుగు గంటలు ఇచ్చామంటే, ఇచ్చింది శనివారం పని. టార్గెట్ తగ్గించాకే ఏర్పాటు మొదలైనట్టు.

ఓపిక గురించి కూడా ఒక మాట. 3ఎం కంపెనీలో తమకి నచ్చిన పనికి 15 శాతం సమయం వాడుకోవచ్చన్న పద్ధతి 1948 నుంచి ఉంది. అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్‌కి గట్టిగా అంటుకోని జిగురు 1968లో దొరికింది. దానికి ఉపయోగం అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రైకి తట్టింది 1974లో. ఆ జిగురుతో చేసిన అంటించే చీటీలు, పోస్ట్-ఇట్, అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. మొత్తం పన్నెండేళ్ళు. మన దగ్గర ఒక్క క్వార్టర్ గడిస్తే చాలు, "ఏం వచ్చింది?" అంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఈ ఏర్పాట్లని దయగా ఇవ్వడం. "నీకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చాను కదమ్మా, మళ్ళీ ఇదేంటి?" అన్న మాట ఒక్కసారి పడితే, ఆ మనిషి ఇక మీటింగులో నోరు తెరవదు. కొత్త ఆలోచన అంటేనే ఇప్పుడు నడుస్తున్న పద్ధతి సరిగ్గా లేదని ఎవరో ఒకరు అనడం. మేనేజర్ దయతో నెట్టుకొస్తున్న మనిషి ఆ మాట ఎలా అనగలదు? ఉన్న సౌకర్యం పోకుండా చూసుకుంటుంది.

పక్కవాళ్ళ సంగతి ఇంకా పట్టించుకోం. ఆన్-కాల్ రోటా అంటే రాత్రిళ్ళు సమస్య వస్తే చూసే వంతుల జాబితా. ఆరుగురి రోటాలోంచి ఇలా ఒకరిని తప్పిస్తే మిగతా ఐదుగురిలో ఒక్కొక్కరి వంతు ఏడాదికి ఎనిమిదిన్నర పైచిలుకు వారాల నుంచి పదిన్నరకి దగ్గరవుతుంది. దాదాపు రెండు వారాల అదనపు రాత్రులు. కారణం చెప్పకుండా గుట్టుగా చేస్తే వాళ్ళ కడుపు మండుతుంది, ఆమె స్క్రిప్ట్‌ని రివ్యూ చేయడానికి ఎవరూ ముందుకు రారు. కాబట్టి టీమ్‌కి ముందే చెప్పాలి, ఇలాంటిదే వాళ్ళూ అడగవచ్చని చెప్పాలి, అదనపు రాత్రులకి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇవ్వాలి.

ఇదంతా ఒక్క పేజీలో రాసుకోవాలి: ఏ పని తీసేస్తున్నాం, ఎవరు చూస్తారు, ఏ రోజు ఏ గంటలు, ఏ కోడ్, టార్గెట్ ఎంతకి తగ్గింది, సమీక్ష ఎప్పుడు. హెచ్‌ఆర్‌కి కాపీ తప్పనిసరి. నోటిమాటగా ఉన్న ఏర్పాటు ప్రాజెక్ట్ మారిన రోజునే పోతుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టంలో కూడా, సెలవు ముగిశాక ఇంటి నుంచి పనిచేయడాన్ని యజమాని, ఉద్యోగిని పరస్పరం ఒప్పుకునే షరతులకే వదిలేశారు. ఆ షరతులు కాగితం మీద లేకపోతే కొత్త మేనేజర్ ముందు మళ్ళీ మొదటి నుంచి బతిమాలుకోవాల్సిందే.

90 రోజులకి సమీక్ష పెట్టుకుని, అప్పటికి ఏమీ రాకపోతే ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఆగిందో అర పేజీ రాయించండి. ఇంకో 90 రోజులు ఇవ్వాలా, వేరేవాళ్ళకి అప్పగించాలా అన్నది దాన్ని బట్టి తేల్చండి. రేటింగ్ మాత్రం తగ్గించకండి. ఒక్కరికి తగ్గిస్తే చాలు, ఆ ఫ్లోర్‌లో ఇంకెవరూ అడగరు.