జెండా లేని బార్బెక్యూ

నిన్న మధ్యాహ్నం సంగతి ఇది. ఆఫీసు పని మీద మూడు వారాలకని డాలస్ వచ్చి బావమరిది ఇంట్లో దిగాను. ఆదివారం కదా, అసలైన టెక్సస్ బార్బెక్యూ తినిపిస్తానని బయల్దేరదీశాడు.

దారి పొడుగునా పాఠం చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు, చెక్‌లు ఇక్కడికొచ్చి మాంసం కొట్లు పెట్టారట, అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేవారట. అందుకే ఇప్పటికీ ప్లేటు లెక్క కాదు, తూకం లెక్క. లాక్‌హార్ట్ అనే ఊరిని 1999లో ఇక్కడి చట్టసభ టెక్సస్ బార్బెక్యూ రాజధానిగా ప్రకటించిందట కూడా. ఇన్ని చెప్పినవాడు చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

లైన్లో నలభై నిమిషాలు. గోడ పక్కన పేర్చిన ఓక్ కట్టెలు, చొక్కాకి పట్టేసిన పొగ. ముందు ఇద్దరే ఉన్నారనగా మావాడికి ఫోనొచ్చింది. "బావా, నువ్వు చెప్పెయ్, ఒక్క నిమిషం" అంటూ బయటికెళ్ళాడు. చెల్లెమ్మ అప్పటికే పిల్లాణ్ణి బాత్రూమ్‌కి తీసుకెళ్ళింది. మిగిలింది నేను, నా ముందు పొడుగాటి కత్తి పట్టుకుని నల్ల గ్లవుజుల్లో నిలబడ్డ ఓ ఆజానుబాహుడు.

నా బుర్రలో బార్బెక్యూ అంటే హైదరాబాద్ బార్బెక్యూనే. టేబుల్ మధ్యలో నిప్పులు, చువ్వలకి పనీరు, పైనాపిల్ ముక్కలు, పక్కన బుల్లి జెండా. కడుపు నిండగానే జెండా దించేస్తాం, వడ్డించేవాడు ఆగిపోతాడు. ఇక్కడ జెండా లేదు.

అక్కడ రారాజు బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం. పన్నెండు గంటలు పైనే పొగలో మగ్గుతుందట. కానీ మా ఇళ్ళలో బీఫ్ తినరు. కాబట్టి అర పౌండు టర్కీ కోడి చెప్పి, పంది పక్కటెముకలు చూపించాను. ఆయన ఓ పట్టీ తీసి చెక్క మీద పెట్టాడు. పైన నల్లగా మిరియాల పూత, పక్కనించి సన్నగా కారుతున్న కొవ్వు, లెక్కపెడితే పన్నెండు ఎముకలు. మూడో ఎముక దగ్గర కత్తి ఆనించి, ఇంతవరకూ చాలా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

తల ఊపాను.

ఎలా ఊపానో చెప్పాలి. నిలువుగా కాదు, పూర్తిగా అడ్డంగానూ కాదు. ఆదివారం పొద్దున్న మటన్ కొట్టువాడు "రెండొందల గ్రాములు ఎక్కువొచ్చింది సార్, ఉంచెయ్యమంటారా" అంటే ఊపుతామే, అలా. "ఆ, సరే, కానియ్" అని దాని అర్థం. నలభై ఆరేళ్ళుగా ఈ తల ఇలాగే ఊగుతోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే ఊగింది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయనకి మాత్రం అది "అబ్బే, చాలదు" అని వినబడింది. కత్తి నాలుగో ఎముకకి జరిగింది. సరేలే, మర్యాద చేస్తున్నాడనుకుని మళ్ళీ ఊపాను. అయిదు. ఈసారి కొంచెం గట్టిగా ఊపాను, అర్థమవుతుందని. ఏకంగా ఏడు. ఆయన మొహంలో నా మీద గౌరవం పెరుగుతోంది. వెనకాల నిలబడ్డ టోపీ పెద్దాయన మెచ్చుకోలుగా ఏదో అన్నాడు. "స్టాప్" అనే మాట నాకు ఎల్‌కేజీ నుంచీ తెలుసు. ఇంగ్లీషులో మెయిళ్ళు రాసి జీతం తీసుకునేవాణ్ణి. ఆ క్షణంలో ఆ మాట ఎటు పోయిందో! నోటికి రాలేదు, తల ఒక్కటే ఊగుతోంది. టెన్షన్ పెరిగేకొద్దీ ఇంకా వేగంగా ఊగుతోంది. తొమ్మిది. పదకొండు. చివరికి కత్తి పట్టీ దాటి ఖాళీ చెక్క మీదికొచ్చేసింది. అప్పుడాయన కత్తి పక్కన పెట్టి, పట్టీ మొత్తం తూకంలో వేసి, నాకు బొటనవేలు చూపించాడు.

2.8 పౌండ్లు. అంటే కిలోంబావు. పౌండు 24 డాలర్లు. ఎముకకీ అదే రేటు.

డబ్బులు కట్టేచోట అమ్మాయి స్క్రీను నా వైపు తిప్పింది. టిప్పు 18 శాతమా, 20 శాతమా, 25 శాతమా? లైన్లో నిలబడింది నేను, ట్రే మోస్తున్నది నేను, మంచినీళ్ళు పట్టుకోవాల్సింది నేను. ఇంక టిప్పు దేనికి, తల ఊపినందుకా? వద్దనే మీట ఎక్కడో అడుగున చీమంత అక్షరాల్లో ఉందట, తర్వాత చెప్పారు. అమ్మాయి చూస్తోంది, వెనకాల టోపీ పెద్దాయన చూస్తున్నాడు. 25 నొక్కేశాను. పన్నుతో కలిపి మొత్తం 107 డాలర్లు. రూపాయల్లోకి మార్చుకోకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చాను. ట్రే టేబుల్ మీద పెట్టేలోపే మార్చేసుకున్నాను.

మావాడు అప్పుడొచ్చాడు. ట్రే వైపు, నా వైపు చూశాడు.

"ఇంత ఎందుకు తీసుకున్నావు బావా? నాకు కొలెస్ట్రాల్ కదా" అన్నాడు.

ముగ్గురం కలిసి అయిదు తినగలిగాం. రుచికేం, బ్రహ్మాండం, దాన్ని అనకూడదు. మిగిలిన ఏడూ ఫ్రిజ్‌లో ఉన్నాయి. రాత్రి నాకు అవే, ఈ పొద్దున నాకు అవే. మావాడు మాత్రం వంటింట్లో పెసరట్లు పోసుకుంటూ "అల్లం పచ్చడి అయిపోయింది, ఎవరు తినేశారు?" అని అరుస్తున్నాడు.