ఆవు ఎండకు అలవాటు పడితే చాలదా?

(అనంతపురం జిల్లా, రాప్తాడు పక్కన ఒక పల్లె. ఏప్రిల్ మధ్యాహ్నం, రేకుల కొట్టం. ఆవు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) సంకర జాతిది, మామది. అల్లుడు గోపాలమిత్ర, అంటే ఊళ్లలో పశువులకు చూడి సూదులు వేసేవాడు.)

మామ: ఫ్యాను, నీళ్ల పైపు అంటూ ఊరికే ఖర్చు పెట్టిస్తావు. ఈ ఎండ మనకేం కొత్తా అల్లుడూ? కొన్నాళ్లు పోతే ఆవే అలవాటు పడుతుంది.

అల్లుడు: పడుతుంది మామా, కాదనను. ఎట్లా పడుతుందో తెలుసా? మేత తగ్గిస్తుంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గించుకుంటుంది. ఒంట్లో పొయ్యి సన్నం చేసుకుంటుందన్నమాట. ఆ పొయ్యి మీదే కదా నీ పాలు!

మామ: తినకపోతే పాలు తగ్గవా? ఇంకో కిలో దాణా పెడితే సరి.

అల్లుడు: ఈ వేళప్పుడు మాత్రం పెట్టొద్దు. మేత పొట్టలో పులిసేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. పైగా ఎండకు తగ్గే పాలలో మేత తగ్గినందువల్ల పోయేవి దాదాపు సగమే. మామూలుగా మేత చాలని ఆవు ఒంట్లో కొవ్వు కరిగించి పాలిస్తుంది. ఎండకు అల్లాడే ఆవుకు ఇన్సులిన్ పెరిగి ఆ కొవ్వు కరగదు. పొదుగుకు పోవాల్సిన గ్లూకోజును ఒళ్లే వాడేసుకుంటుంది. అదిగో, డొక్కలెట్లా ఎగరేస్తోందో లెక్కపెట్టు.

(మామ వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టాడు. 80 దాటింది. చొంగ తీగలు సాగి గాడిలో పడుతోంది.)

మామ: రొప్పితే మంచిదేగా, వేడి బయటికి పోతుంది.

అల్లుడు: వేడితోపాటు కార్బన్ డయాక్సైడూ ఎక్కువగా పోతుంది. దాంతో రక్తంలో పులుపు తగ్గుతుంది. ఆ తేడా సర్దడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను మూత్రంలోకి వదిలేస్తాయి. కడుపులో పులుపు విరిచే బైకార్బొనేట్ చొంగలోనూ ఉంటుంది, అదీ నేలపాలు. దాణాలో తినే సోడా కలపమనేది అందుకే, అదీ బైకార్బొనేటే.

మామ: మా నాయన నాటు ఆవులకు ఏ సోడా కలిపినాడు?

అల్లుడు: వాటి చెమట గ్రంథులు పెద్దవి, వెంట్రుకలు పొట్టివి. ఒంట్లో పుట్టే వేడే తక్కువ. పాలెన్ని ఇచ్చేవి?

మామ: రెండు లీటర్లో, మూడో. కరెంటు బిల్లు మాత్రం లేదు. పైగా నీ ఆవు ఎండాకాలం చూడి కూడా కట్టదు.

అల్లుడు: అది నిజమే. సూది వేసేది నేనే కదా, నాకు తెలీదా! కానీ అప్పు తీరేదాకా నీకు ఈ ఆవే దిక్కు. పొద్దు గూకినాక మేత వెయ్యి, రాత్రి కొట్టంలో కాదు, ఆరుబయట కట్టు. పగలు ఒంట్లో చేరిన వేడిని రాత్రి చల్లగాలికి వదిలించుకుంటుంది.

మామ: బయట కడతా, సోడా కలుపుతా. ఫ్యాను మాత్రం కొనేది లేదు.

అల్లుడు: పగలో?

మామ: పగలు వేపచెట్టు ఉంది కదప్పా!