ఒట్టి గిన్నె తిరిగెళ్లని ఇళ్లు

నెల్లూరులో చేపల పులుసు ఎవరింట్లో కాగినా వీధంతటికీ తెలిసిపోతుంది. మా చిన్నప్పుడు వాసన వెనకాలే ఒక గిన్నెడు పులుసూ వచ్చేది. స్టీలు గిన్నె, అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పక్కింటావిడ పేరు. మర్నాడు ఆ గిన్నె తోమి నా చేతికిచ్చే ముందు అమ్మ వంటింట్లో కాసేపు వెతుక్కునేది. ఏమీ దొరక్కపోతే గుప్పెడు చక్కెరో, రెండు నిమ్మకాయలో అందులో పడేవి. "ఒట్టి గిన్నె పంపిస్తామా ఎక్కడైనా?" అనేది. మోసుకెళ్లింది నేనే కాబట్టి నాకింకా గుర్తుంది.

ఇప్పుడు ఇంటికొచ్చే బిర్యానీ డబ్బాని ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు. డబ్బులు కట్టేశాం, లెక్క తీరిపోయింది. పిల్లలకి మేలు తెలియడం లేదని వాపోయేవాళ్లం, నాతో సహా, ముందు ఆ డబ్బా వైపు చూడాలి.

మనం నేర్పుతున్నదల్లా థాంక్యూ. ఎవరైనా చాక్లెట్ ఇస్తే "అంకుల్‌కి థాంక్యూ చెప్పు" అని వెనక నుంచి పొడుస్తాం. వాడు చెప్తాడు, చూపు మాత్రం చాక్లెట్ మీదే. మాట నేర్పడం తప్పని కాదు. కానీ ధన్యవాదాలనేది మనకెప్పుడూ సభల్లో మాటే. ఇళ్లలో పెద్దవాళ్లు "సల్లగుండు నాయనా" అనేవాళ్లు, మిగిలింది చేతల్లో చూపించేవాళ్లు.

నేనింకో తెలివితక్కువ పనీ చేశాను. ఫ్రిజ్ మీద చార్టు అంటించి, మంచి పని చేసినప్పుడల్లా మావాడికో స్టారు పెట్టాను. వారం తిరక్కుండా, వాళ్ల నాయనమ్మ మంచినీళ్లు అడిగితే "ఎన్ని స్టార్లు?" అన్నాడు. చార్టు చింపేశాను. తర్వాత తెలిసింది, ఈ సంగతి పరిశోధకులు ఎప్పుడో చూశారని. 2008లో వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 20 నెలల పసివాళ్లతో ఒక ప్రయోగం చేశారు. సాయం చేసినందుకు బొమ్మలు దక్కిన పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించేశారు. మెచ్చుకోలు మాత్రమే దక్కినవాళ్లు, ఏమీ దక్కనివాళ్లు మునుపటిలాగే చేశారు. అంటే చెయ్యాలన్న బుద్ధి పిల్లల్లో ముందే ఉంది, దానికి రేటు కట్టి చెడగొట్టేది మనం.

అందుకే ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఒకటే ఆట: కంచంలో ఈ అన్నం ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది? మొదటిసారి మావాడు బియ్యం బస్తా దగ్గర ఆగిపోయాడు. బస్తాకి ముందు మిల్లు, మిల్లుకి ముందు కోత, కోతకి ముందు ఎండలో నడుం వంచి నాట్లేసిన ఆడవాళ్లు, వాళ్ల మడికి సోమశిల నుంచి వచ్చిన పెన్న నీళ్లు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. రెండు చేతులూ చాల్లేదు. అన్నం వదిలెయ్యొద్దని అరవడం కంటే ఇది బాగా పనిచేసింది. పూర్తిగా కాదులెండి, కాకరకాయ రోజు పనిచెయ్యదు.

అయితే ఆటలన్నిటినీ తుడిచిపెట్టేది ఒకటుంది. చాలా ఇళ్లలో పనిచేసే అమ్మకి టీ వేరే గ్లాసులో ఇస్తారు. ఆ గ్లాసు గూట్లో విడిగా ఉంటుంది. పండక్కి ఆమెకి చీర పెట్టేటప్పుడు పిల్లల చేత ఇప్పించి, దయ నేర్పామనుకుంటాం. పిల్లలు చీరని ఏడాదికోసారి చూస్తారు, గ్లాసుని రోజూ చూస్తారు. "నీ కోసం ఎంత చేశానో తెలుసా" అని తల్లిదండ్రులు చదివే పద్దు కూడా ఈ జాతిదే. అది మేలు తలుచుకోవడం కాదు, అప్పు వసూలు.

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన జరిగే రొట్టెల పండక్కి పిల్లల్ని తీసుకెళ్తే చాలా విషయాలు మనం చెప్పక్కర్లేదు. ఉద్యోగం కావాలని రొట్టె తీసుకున్నవాళ్లు అది వచ్చాక మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు. పెళ్లికీ, సంతానానికీ, చదువుకీ, ఆరోగ్యానికీ అంతే. మోకాళ్ల దాకా నీళ్లలో హిందువులూ ముస్లింలూ ఒకరి రొట్టె ఒకరు పుచ్చుకుంటుంటారు. నాకు నచ్చేది ఆ లెక్క: ఇచ్చినవాళ్లకే తిరిగివ్వాలని లేదు. వాళ్లెవరో గుర్తు కూడా ఉండకపోవచ్చు. నిరుడు నువ్వున్న చోట ఈ ఏడు నిలబడ్డవాళ్లకి ఇస్తావు.

రెండేళ్లు నిండని పిల్లల్ని గమనించి 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త లారా అక్నిన్ బృందం ఒక మాట చెప్పింది: తినుబండారం తీసుకున్నప్పటి కంటే ఇచ్చినప్పుడు వాళ్ల మొహాలు ఎక్కువ వెలిగాయట, అందులోనూ తమ వాటాలోంచి ఇచ్చినప్పుడు మరీను. నేను నమ్మలేదు. మావాడి సంగతి నాకు తెలుసు.

మొన్న ఎదురింటి నుంచి మామిడికాయ పప్పు గిన్నె వచ్చింది. తోమి వాడి చేతికే ఇచ్చి, ఏం వేస్తావో నీ ఇష్టం అన్నాను. ఫ్రిజ్ తెరిచి చాలాసేపు నిలబడ్డాడు. తన వాటాకొచ్చిన రెండు మలై కాజాల్లో ఒకటి తీసి గిన్నెలో వేశాడు. మూత పెట్టే ముందు దాన్నే చూస్తున్నాడు. తీసేసుకుంటాడేమో అనుకున్నా. మూత పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు.