ఆస్పత్రిలో ఒక భూభారతి కౌంటర్ కావాలి

ఆస్పత్రి బిల్లులు రూపాయల్లో వేయడం వెంటనే ఆపాలని ప్రభుత్వాన్ని గట్టిగా డిమాండ్ చేస్తున్నాను. మా నల్లగొండ దిక్కు రూపాయలు ఎవరి దగ్గరున్నాయండీ? ఉంటే గింటే గుంటలున్నాయి. బిల్లు కూడా గుంటల్లోనే వేస్తే పోలా? 40 గుంటలు ఒక ఎకరం, చదువు రాని ముసలమ్మ కూడా వేళ్ల మీద లెక్కేసుకుంటుంది.

నాకీ జ్ఞానోదయం మా మేనమామ వల్ల కలిగింది. 2021 మే నెల, కరోనా రెండో వేవ్. లాక్‌డౌన్ పెట్టి పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే బయట తిరగనిచ్చేవాళ్లు. మామకు ఆక్సిజన్ 86కి పడిపోయింది. సర్కారు దవాఖానాలో బెడ్డు లేదన్నారు. హైదరాబాద్ నూరు కిలోమీటర్లు, అంబులెన్స్ ఆయన 25 వేలు అన్నాడు. మా తమ్ముడు "జర తగ్గించే అన్నా" అని కిందపడి మీదపడి బేరమాడుతుంటే మామ లోపల పడుకొని ఆయాసపడుతున్నాడు. చివరికి 22 వేలకు తెగింది. 3 వేలు మిగిలాయని సంతోషించాం కూడా, అబద్ధం ఎందుకు.

ఆస్పత్రి పేరు చెప్పను. అడ్వాన్సు 2 లక్షలు, అదీ నగదే. కార్డు గీకే మిషన్ పనిచేయడం లేదట. మామ ఉన్న 15 రోజులూ దానికి బాగవలేదు, పాపం, అక్కడ అందరికంటే సీరియస్ కేసు అదే. రోజూ సాయంత్రం ఫోన్ వచ్చేది. ఒక రోజు "పేషెంట్ స్టేబుల్‌గా ఉన్నారు, ఇంకో లక్ష కట్టండి." ఇంకో రోజు "పేషెంట్ కొంచెం సీరియస్, ఇంకో లక్ష కట్టండి." మొదటి సగం వినడం మూడో రోజుకే మానేశాం.

మొత్తం 15 లక్షలైంది. మామకున్నది ఒక్కటే ఎకరం, పత్తి చేను. మామూలుగా 24 లక్షలు పలికేది, అవసరం మనదని తెలిశాక 20కి అడిగారు, అంటే గుంటకు 50 వేలు. 30 గుంటలు పోయాయి. రోజుకు రెండు గుంటలు! ఈ రేటున ఎకరం ఉన్నవాడు 20 రోజులు రోగంతో ఉండొచ్చు, అర ఎకరం ఉన్నవాడు పదో రోజుకల్లా లేచి కూర్చోవాలి. కౌలు రైతు అయితే అసలు దగ్గకూడదు.

రేట్ల మీద కంట్రోల్ లేదా అంటారేమో, ఎందుకు లేదు? 2020 జూన్‌లోనే ప్రభుత్వం జీవో ఇచ్చింది. మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ పెడితే 9,000. ఆ లెక్కన 15 రోజులూ వెంటిలేటర్ మీదే ఉన్నాడనుకున్నా 1,35,000, మూడు గుంటలు కూడా కాదు. మిగతా 27 గుంటలు ఎటు పోయాయంటే ఖరీదైన మందులకు, స్కానింగులకు, పీపీఈ కిట్లకు పోయాయి. ఇవి ఆ రేట్లలో కలవవు మరి. బిల్లులో ఉన్నన్ని కిట్లు మా వాడకట్టు మొత్తానికి తొడిగినా మిగిలేవి. తర్వాత 2021 జూన్‌లో ఇంకో జీవో తెచ్చి కిట్టు 273, సీటీ స్కాన్ 1,995, అంబులెన్స్ కిలోమీటరుకు 75 అని రేటు కట్టారు. చాలా మంచి జీవో. అప్పటికి మామ ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటున్నాడు.

ఇంతలో ఇంకో తిప్పలు, లాక్‌డౌన్‌లో రిజిస్ట్రేషన్లు బంద్. రోగం ఆగదు, బిల్లు ఆగదు, అమ్మకం మాత్రం ఆగాలి! కొనే ఆయన మంచోడు కాబట్టి తెల్ల కాగితం మీద రాయించుకొని డబ్బులిచ్చాడు, 3 లక్షలు తక్కువకు దొరికితే ఎవరైనా మంచోళ్లే అవుతారనుకోండి.

అందుకే చెప్తున్నా, ప్రతి కార్పొరేట్ ఆస్పత్రిలో క్యాష్ కౌంటర్ పక్కనే పొలాల రిజిస్ట్రేషన్‌కు ఒక భూభారతి (అప్పట్లో ధరణి అనేవాళ్లు) కౌంటర్ పెట్టండి, ఒక తహసీల్దారును కూర్చోబెట్టండి. బెడ్డు బుకింగూ స్లాట్ బుకింగూ ఒకేసారి అయిపోతాయి. ఒక వేలికి ఆక్సీమీటర్, పక్క వేలికి బయోమెట్రిక్. డాక్టర్లకూ టెన్షన్ ఉండదు, "లంగ్స్ 40 శాతం పాడయ్యాయి, చేను 60 శాతం ఉంది, ప్రయత్నిద్దాం" అని ధైర్యంగా చెప్పొచ్చు.

ప్రభుత్వానికీ లాభమే, పెట్టుబడి సాయం కింద రైతుబంధు అప్పట్లో ఎకరానికి సీజన్‌కు 5,000 కదా, మామకు ఇచ్చే దాంట్లో 3,750 మిగులుతుంది అనుకున్నాను. మిగల్లేదు. అవి కొన్నాయన ఖాతాలో పడ్డాయి. ఆయన ఆ చేనులో కడీలు పాతి ప్లాట్లు కొట్టాడు, కడీలకూ పెట్టుబడి సాయం అవసరమే కదా.

మామ ఇప్పుడు బాగానే ఉన్నాడు. మొన్న చలికి రెండు రోజులు దగ్గు పట్టుకుంటే దవాఖానాకు పోదాం లే మామా అన్నాను. మామ ఏమనలేదు. అత్త మాత్రం వంటింట్లోంచే "ఇంక పది గుంటలే ఉన్నయ్ బిడ్డా, ఐదు రోజులకొస్తయ్" అంది.