"ఫాల్ట్ జోన్‌లో లేదు కాబట్టి సేఫ్" అంటున్న ఫార్వర్డ్‌కు జవాబు

బే ఏరియాలో ఇల్లు వెతుక్కునే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కాలిఫోర్నియాలో 1972 నుంచి భూకంప ఫాల్ట్ (నేల పొరలు తెగి జరిగే చీలిక) దగ్గర ఇళ్లు కట్టడం నిషేధమట. అందుకని సిటీ పర్మిట్ ఉన్న ఇల్లు ఏదైనా భద్రమేనట. ఫాల్ట్ జోన్ బయట ఉంటే అసలు టెన్షన్ అక్కర్లేదట. ఏమైనా అయితే హోమ్ ఇన్సూరెన్స్ చూసుకుంటుందట. మొదటి మాటలో కాస్త నిజం ఉంది. ఆ కాస్త నిజం చూసి మిగతా మూడూ నమ్మేస్తున్నారు.

ముందు నిషేధం సంగతి. 1971 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చినప్పుడు నేల చీలి, ఆ చీలిక దారిలో ఉన్న ఇళ్లు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాదే ఆల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం తెచ్చారు. మనుషులు ఉండే కొత్త కట్టడాన్ని చురుగ్గా ఉన్న ఫాల్ట్ గీత మీద కట్టకూడదన్నదే దాని ఉద్దేశం. మ్యాపులో కనిపించే జోన్ ఆ గీత కాదు, దానికి రెండు వైపులా గీసిన పట్టీ. వెడల్పు సగటున పావు మైలు ఉంటుంది. ఆ పట్టీలో కట్టుకోవచ్చు. కాకపోతే ముందు జియాలజిస్టుతో కందకం తవ్వించి, మట్టి పొరలు ఎక్కడ తెగాయో తేల్చుకుని, గీత నుంచి మామూలుగా 50 అడుగులు వదలాలి.

దీనికీ మినహాయింపు ఉంది. రెండంతస్తులకు మించని చెక్క ఫ్రేము ఇల్లు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ల ప్రాజెక్టులో భాగం కాకపోతే, రాష్ట్ర చట్టం కిందకు రాదు. అంతకన్నా పెద్ద విషయం, చట్టానికి ముందు కట్టిన ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. బే ఏరియా తూర్పు వైపున్న హేవర్డ్ ఫాల్ట్ వెంట 1950, 60లలో లేచిన కాలనీలు కొల్లలు. హేవర్డ్ ఊరి పాత సిటీ హాల్ అయితే 1930 ప్రాంతంలో సరిగ్గా ఫాల్ట్ మీదే కట్టారు. పెద్ద భూకంపం రాకపోయినా, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున నేల జరుగుతూనే ఉండటంతో గోడలు బీటలు వారాయి. చివరికి ఖాళీ చేయక తప్పలేదు. ఊరి పర్మిట్లన్నీ ఇచ్చే ఆఫీసుకే ఆ గతి పట్టింది మరి!

"జోన్ బయట ఉంటే టెన్షన్ లేదు" అన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. ఫాల్ట్ జోన్ చెప్పేది నేల చీలే అవకాశం గురించి మాత్రమే. నేల ఎంత ఊగుతుందో అది చెప్పదు. 1989 అక్టోబర్ 17న లోమా ప్రియెటా భూకంప కేంద్రం శాంతాక్రూజ్ కొండల్లో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని మరీనా అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అయినా అక్కడ ఇళ్లు కూలాయి, ఎందుకంటే ఆ పేటలో చాలా భాగం నీటిని పూడ్చి చేసిన నేల. అలాంటి తడి ఇసుక గట్టిగా ఊగితే బురదలా మారిపోతుంది, దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. ఆ అనుభవంతోనే 1990లో ఇంకో చట్టం వచ్చి, లిక్విఫాక్షన్‌కీ కొండచరియలకీ వేరే జోన్లు గీయించింది. అంటే చూడాల్సిన మ్యాపు ఒకటి కాదు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తెచ్చిన ఫాల్ట్ అయితే నేలపైకి రానే లేదు. పైకి రాని ఫాల్ట్‌కి ఈ చట్టం కింద జోన్ గీసే వీలే లేదు. ఇక గీయగలిగిన చోట కూడా అన్నీ ఒకేసారి పూర్తి కాలేదు. హాలీవుడ్ ఫాల్ట్‌కి అధికారిక జోన్ మ్యాపు 2014లో వచ్చింది. అప్పటిదాకా అక్కడ కొన్నవాళ్లంతా కాగితం మీద జోన్ బయట ఉన్నవాళ్లే.

పర్మిట్ సంగతికి వద్దాం. లాస్ ఏంజెలెస్ దగ్గర రాంచో పాలోస్ వెర్డెస్‌లో పోర్చుగీస్ బెండ్ అనే చోటు ఉంది. అది పాతకాలపు కొండచరియ అని జియాలజిస్టులకు ముందే తెలుసు. అయినా ఇళ్లు కట్టారు. 1956లో కౌంటీ రోడ్డు పని జరుగుతుండగా నేల కదలడం మొదలై, సుమారు 140 ఇళ్లు పోయాయి. తర్వాత ఏర్పడ్డ సిటీ 1978లో ఆ ప్రాంతంలో కొత్త నిర్మాణాలు ఆపింది. ఖాళీ స్థలాల యజమానులు కోర్టుకెళ్లారు. ఆ 16 స్థలాల్లో ప్రమాదం ఉందని సిటీ సరిగా నిరూపించలేకపోయిందని, వాళ్ల హక్కు లాగేసుకున్నట్టేనని 2008లో అప్పీలు కోర్టు తేల్చింది. కాబట్టి పర్మిట్ వెనక భూగర్భం ఒక్కటే ఉండదు, ఆస్తి హక్కు కూడా ఉంటుంది. అదే ప్రాంతంలో 2024లో, వరుస వర్షాల తర్వాత, నేల కొన్నిచోట్ల వారానికి అడుగు దాకా జారింది. గ్యాస్, కరెంటు ఆపేశారు.

అన్ని ఊళ్లూ ఒకేలా ఉండవు. మ్యాపు రాష్ట్రానిది, అమలు సిటీది లేదా కౌంటీది. రాష్ట్రం అడిగినదానికన్నా కఠినంగా అడిగే హక్కు వాటికి ఉంది. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీదున్న పోర్టోలా వ్యాలీ అనే ఊరు సొంత నేల కదలిక మ్యాపు పెట్టుకుంది. టౌన్ సెంటర్ భవనాలనే ఫాల్ట్ నుంచి తప్పించి కొత్తగా కట్టుకుంది.

ఇన్సూరెన్స్ విషయం క్లుప్తంగానే సరిపోతుంది. మామూలు హోమ్ పాలసీలో భూకంపం ఉండదు, నేల జారడం ఉండదు. భూకంపానికి విడిగా పాలసీ తీసుకోవాలి. అందులోనూ మనం భరించాల్సిన మొదటి వాటా (డిడక్టబుల్) ఇంటికి తీసుకున్న బీమా మొత్తంలో 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది.

అలాగని "జోన్‌లో ఉందా, వద్దు బాబోయ్" అనడం కూడా సరికాదు. కందకం తవ్వి, గీత ఎక్కడుందో చూసి, దూరం వదిలి కట్టిన ఇంటి గురించి మనకు తెలిసింది ఎక్కువ. జోన్‌కి వంద అడుగుల అవతల ఎవరూ తవ్వి చూడని నేల మీద ఉన్న ఇంటి గురించి తెలిసింది తక్కువ. నన్నడిగితే మొదటిదే నయం అంటాను.

అమ్మేవాళ్లు ఇచ్చే నేచురల్ హజార్డ్ డిస్‌క్లోజర్ (ప్రకృతి ప్రమాదాల వివరాలు తెలిపే) ఫారంలో జోన్‌లో ఉందా లేదా అన్నదానికి టిక్కు మాత్రమే ఉంటుంది. నేల పరీక్ష జరిగిందో లేదో అందులో కనిపించదు. రాష్ట్ర జియలాజికల్ సర్వే పెట్టిన ఈక్యూ జాప్ అనే ఆన్‌లైన్ మ్యాపులో అడ్రసు కొడితే ఫాల్ట్, లిక్విఫాక్షన్, కొండచరియలు మూడింటి జోన్లూ ఉచితంగా చూడొచ్చు. ఆ తర్వాత సిటీ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లి, ఆ స్థలానికి ఫాల్ట్ పరిశోధన రిపోర్టు ఫైల్లో ఉందా, ఏ సంవత్సరంది, కందకం ఎక్కడ తవ్వారు అని అడగండి. ఆఫర్ పెట్టాక కాదు, పెట్టకముందే.