మహారాజశ్రీ యాక్సెస్ పాలసీ గారికి

ఏ ఫైలు ఎవరు చూడాలో, ఎవరు మార్చాలో తేల్చే మహారాజశ్రీ యాక్సెస్ పాలసీ గారికి, కంపెనీ డ్రాయింగులు, వాటి రివిజన్లు దాచే పీఎల్ఎం సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే మీ అడ్మిన్ నమస్కరించి వ్రాయునది ఏమనగా...

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను. నా క్షేమం చదివే పర్మిషన్ మీకుందో లేదో తెలియక ఆగాను.

మీ సిద్ధాంతానికి వంక పెట్టను. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే యాక్సెస్ ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. డ్రాయింగ్ 'ఇన్ వర్క్'లో ఉన్నంతకాలం గీసినవాడు దిద్దుకోవచ్చు. 'రిలీజ్డ్' అయ్యాక ఎవరూ ముట్టుకోకూడదు, మార్చాలంటే కొత్త రివిజన్ తీయాల్సిందే. పాత కొలతలు చూసి షాప్‌ఫ్లోర్‌లో లోహం కోసేస్తే దాన్ని మళ్లీ అతికించలేం కదా! ఇక్కడిదాకా మీ తరఫున నేనే వకాల్తా పుచ్చుకుంటాను.

మొన్న ఒక డిజైన్ ఇంజినీర్ వచ్చాడు. "సార్, నేను గీసిన డ్రాయింగే. ఇంకా ఇన్ వర్క్‌లోనే ఉంది. డౌన్‌లోడ్ కావట్లేదు." నా లాగిన్‌తో చూశాను, చక్కగా అయింది. అవదూ మరి, అడ్మిన్‌కి మీరు అడ్డం వస్తారా? "నాకు వస్తోందే" అన్నాను. ఆ మాట అన్నందుకు అతను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

రెండు గంటలు తవ్వాను. అతను మూడు గ్రూపుల్లో ఉన్నాడు. రెండు గ్రూపులు రమ్మంటున్నాయి. మూడోది 'వెండార్_రివ్యూ_టెంపరరీ'. అందులో డౌన్‌లోడ్‌కి డినై, అంటే 'కుదరదు' అనే రూల్, ఉంది. పదిమంది సరేనన్నా ఒక్క డినై చాలు, మీ కొలువులో దానిదే చెల్లుబాటు. ఒకే ఒక్క శుక్రవారం రివ్యూ కోసం పుట్టిన గ్రూపట అది. మూడేళ్లయింది. ఏ మహానుభావుడు చేశాడా అని 'క్రియేటెడ్ బై' చూస్తే, నా పేరే.

అవతల పర్చేజ్‌కి మారి రెండేళ్లయిన పెద్దమనిషి ఇప్పటికీ డిజైన్ డ్రాయింగులు అప్రూవ్ చేయగలడు. ఆయన్ని ఎవరూ తీయలేదు. యాక్సెస్ లేదని రోజుకో ఫిర్యాదు టికెట్ వస్తుంది. "నాకు యాక్సెస్ ఎక్కువైంది, కాస్త తగ్గించండి బాబూ" అని ఇంతవరకు ఒక్కటీ రాలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, సరే. అడగకుండా లాక్కోవడానికి నాకు చేతులు రావట్లేదు. ఏ రూల్ పీకితే ఏ గోడ కూలుతుందో మీకైనా తెలుసా?

ప్రస్తుతానికి ఆ కుర్రాడిని మూడో గ్రూపులోంచి తీసేశాను. మిగతా పదకొండు మంది అందులో ఎందుకున్నారో తెలియక వాళ్ల జోలికి పోలేదు.

ఇట్లు,
మిమ్మల్ని రాసినవాడు, మీకు లొంగినవాడు

తా.క.: ఇప్పుడే అతని ఫోన్. డౌన్‌లోడ్ అవుతోందట. పొద్దుటిదాకా కనబడిన వెండార్ ఫైళ్లు మాత్రం మాయమయ్యాయట.